కొండమీది కాలనీ బస్సు నిండిన రోజు

కొండమీది కాలనీ బస్సు పుట్టి బుద్ధెరిగాక నిండింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారే దాని ప్రాణం మీదికొచ్చింది. నింపింది పగవాళ్లెవరూ కాదు, దాని కండక్టరమ్మే.

అసలా బస్సు ఖాళీగా తిరగడానికే పుట్టింది. పొద్దున కిందికి దిగేటప్పుడు ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు కొందరు, పెన్షన్ ఆఫీసులో ఎవరితోనో తగువు పెట్టుకోవడానికి వెళ్లే ఒక రిటైర్డు గుమాస్తా, ఇంతే జనం. మిగతా సీట్లలో ఎండ కూర్చునేది. డీజిలు ఖర్చు కూడా రాని ఇలాంటి బస్సులకి ప్రభుత్వం ఏటా కాస్త సాయం పడేస్తుంది. పడేశాక నిద్ర పట్టదు కాబట్టి, అది సక్రమంగా ఖర్చవుతోందో లేదో చూసి రమ్మని ఒక తనిఖీ అధికారిని పంపుతుంది. ఈ ఏడు ఆయన కాలనీ బస్సే ఎక్కబోతున్నాడని డిపోకి కబురొచ్చింది.

డిపో మేనేజరు కండక్టరమ్మనీ డ్రైవర్నీ పిలిచి, "ఆయన ముందు డిపో పరువు తియ్యకండి. తేడా వస్తే ఆ బస్సు ఉండదు" అన్నాడు. అంతకుమించి చెప్పడానికి ఆయనకీ ఏమీ తెలియదు. సాయం నిబంధనల పుస్తకం ఆయన బల్ల కాలి కింద ఉంది, బల్ల ఊగకుండా.

కండక్టరమ్మ గుండెల్లో రాయి పడింది. ఆవిడ నాన్నకి కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఈ బస్సులోనే దిగి, ఈ బస్సులోనే తిరిగొస్తాడు. ఆ కొండ మలుపులు చూసి ఆటోవాళ్లు అడిగే రేటుకి ఆవిడ జీతం మొత్తం ధారపోసినా చాలదు. బస్సు ఆగిందంటే నాన్న సంగతి ఏమిటన్నది మనసులో అనుకోవడానికి కూడా ఆవిడకి ధైర్యం చాలలేదు.

ఇక ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆవిడ నేర్చుకున్న చదువు ఒక్కటే. బస్సు నిండితే శభాష్, ఖాళీగా ఉంటే చీవాట్లు. ఏ కండక్టరుకైనా ఇంతకు మించిన వేదాంతం ఎవరు చెప్పారు గనక? బస్సు నింపాలి, అంతే.

"నింపేద్దామా?" అని డ్రైవర్ని అడిగింది.

"నింపేద్దాం" అన్నాడు డ్రైవరు. ఈయన్ని డిపోలో తథాస్తు అంటారు. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్లదే ఈయన అభిప్రాయం.

జనం ఎక్కడినుంచి వస్తారంటారా? చుట్టాలెందుకున్నారు మరి! కండక్టరమ్మ మేనత్తకి ఫోను చేసింది. ఆవిడకి ఒక్క ముక్క చెబితే చాలు, తోడికోడళ్లూ వియ్యాలవారూ వాళ్ల పక్కింటివాళ్లూ సహా కట్టకట్టుకుని దిగుతారు.

"టికెట్లు నావి, కింద దిగాక హోటల్లో టిఫిన్లూ నావే. కానీ అత్తా, ఒకటే షరతు. బస్సులో నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు."

"ఓస్, అంతేనా! మీ మామయ్యతో ఇన్నేళ్లూ అలాగేగా కాపురం చేశాను" అంది మేనత్త.

ఆ రోజు పొద్దున కాలనీ చివర బస్సు ఇంకా తలుపు తెరవకముందే పటాలం దిగింది. తనిఖీ అధికారి వచ్చేసరికి ఫుట్‌బోర్డు దాకా మనుషులే. సీటు తుడుచుకుందామని జేబురుమాలు తీసిన ఆయనకి సీటే కనపడక, రుమాలుతో తన మొహమే తుడుచుకుని కడ్డీ పట్టుకు నిలబడ్డాడు. ఆయన్ని వెనక్కి తీసుకెళ్లాల్సిన ఆఫీసు జీపు బస్సు వెనకాలే నింపాదిగా బయల్దేరింది.

నాన్న కోసమని డ్రైవరు వెనక సీటులో కండక్టరమ్మ తన సంచి పెట్టి ఉంచింది. మేనత్త ఆ సంచి తీసి ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చుంది. పక్కావిడతో, "ఈ పిల్ల చిన్నప్పుడూ ఇంతే. ఈలలు వేస్తుందని వాళ్ల నాన్న వీపు చీరేసేవాడు. ఇప్పుడదే జీతం తెచ్చిపెడుతోంది చూడు" అంది, బస్సంతా వినపడేలా.

"టికెట్" అంది కండక్టరమ్మ పళ్లు కొరుకుతూ.

"మా దగ్గరా టికెట్టు!" అని వెనకనుంచి వరసకి బావైనవాడు కిసుక్కున నవ్వాడు. ఇంకో మూల నుంచి "వదినా, మాకు రెండు" అని ఒకావిడ, "పిన్నీ, కిటికీ పక్కన నేను" అని ఒక పిల్ల.

అధికారి కళ్లు చిన్నవి చేసుకున్నాడు. "వీళ్లంతా మీకు తెలిసినవాళ్లా?"

"అయ్యో, ఎవరో ఏమో సార్! కండక్టర్ని చూస్తే జనానికి అన్ని వరసలూ గుర్తుకొస్తాయి" అందావిడ. అబద్ధం అరటిపండులా నోట్లోంచి జారిపోయింది. ఆవిడే ఆశ్చర్యపోయింది.

సగం కొండ దిగాక నీళ్ల ట్యాంకు స్టాపు వచ్చింది. అసలు ప్రయాణికులంతా అక్కడే ఎక్కుతారు. అందరికన్నా ముందు, మందుల సంచి చంకలో పెట్టుకుని, గొడుగు పైకెత్తి నాన్న. ఆయన ఒకప్పుడు లారీ డ్రైవరు. గొడుగెత్తితే రైలైనా ఆగాల్సిందేనని ఆయన నమ్మకం. కండక్టరమ్మ ఈల వేసింది. బ్రేకు పడింది.

"ఏమిటిది?" అన్నాడు అధికారి. "నిలబడ్డవాళ్లే పరిమితి దాటిపోయారు. ఇంకొకరిని ఎక్కించుకుంటే కేసు రాస్తాను. పోనివ్వండి."

"అలాగే సార్" అన్నాడు తథాస్తు.

ఆయన మా నాన్న సార్, అంటే సరిపోయేది. కానీ నాన్న బయటపడితే అత్త బయటపడుతుంది, అత్త బయటపడితే వంశవృక్షం మొత్తం బయటపడుతుంది. పైకెత్తిన గొడుగు ఒక్కో కిటికీ దాటుకుంటూ వెనక్కి పోయింది. కండక్టరమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి, సిగ్గూ వేసింది, తన మీద తనకి అసహ్యమూ వేసింది.

అధికారి మాత్రం మహా ఖుషీగా ఉన్నాడు. "చాలా సంతోషం అమ్మా. ఇంత రద్దీ ఏ రూటులోనూ చూడలేదు. మీకు సాయం అనవసరం అని రాసేస్తాను."

"అనవసరమా?"

"నష్టంలో నడిచే బస్సుకే కదా సాయం ఇచ్చేది! ఇలా కిటకిటలాడే రూటుని ప్రైవేటువాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు. ప్రభుత్వానికి భారం తగ్గుతుంది."

"ఖాళీగా ఉంటేనే సాయమా సార్?"

"ఖాళీగా ఉండాలి, కానీ అవసరమైనవాళ్లు అందులో ఉండాలి. నిబంధనల్లో స్పష్టంగా ఉందిగా, మీ మేనేజరు చెప్పలేదూ?"

కండక్టరమ్మ కడ్డీని గట్టిగా పట్టుకుంది. ప్రైవేటువాడు వస్తాడు, వారం రోజులు ఖాళీ సీట్లు చూస్తాడు, బస్సు తిప్పుకుని ఇంకో ఊరు వెళ్లిపోతాడు. బస్సుని బతికించబోయి చేతులారా గొంతు నులిమింది. నాన్ననేమో రోడ్డు మీద వదిలేసింది. ఇంతకన్నా తెలివితక్కువ దద్దమ్మ ఈ భూమ్మీద ఉంటుందా!

ఆసుపత్రి గేటు దగ్గర బస్సు ఆగింది. చుట్టాలు బిలబిల్లాడుతూ దిగి, "హోటలెక్కడ?" అని ఎవర్నీ ఉద్దేశించనట్టు గాలిని అడగసాగారు. అప్పుడే వెనక ఆఫీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి ముందు గొడుగు, తరవాత నాన్న, ఆ తరవాత గుమాస్తా, మిగతా రోగులూ దిగారు. నాన్న నడిరోడ్డు మీద అడ్డంగా నిలబడి జీపు ఆపేశాడట.

"ఏమే! గొడుగెత్తాను, కనపడలేదూ? ఈల విన్నాను, బ్రేకు విన్నాను, మళ్లీ గేరు వెయ్యడమూ విన్నాను. అదీ క్లచ్చు పూర్తిగా నొక్కకుండా!" అని తథాస్తు వైపు ఒక చూపు విసిరి మళ్లీ కూతురి మీద పడ్డాడు. "ఎక్కినప్పుడల్లా ఆ బస్సులో నేనూ ఈ గుమాస్తా ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చస్తున్నాం. ఇవాళ ఈ పెళ్లివారంతా ఎవరే?" అంటూ కలయజూసి ఆగిపోయాడు. "చెల్లీ! నువ్వా? నువ్వు ఈ బస్సెందుకెక్కావు?"

మేనత్త మాటంటే మాటే. "మీరెవరో నాకు తెలియదు అన్నయ్యా" అంది.

తనిఖీ అధికారి అందరి మొహాలూ వరసగా చూశాడు. అందరివీ ఒకే ముక్కులు. "పెద్దాయనా, ఈ కండక్టరు మీకేమవుతుంది?"

నాన్న కూతురివైపు చూడకుండానే అన్నాడు. "ఇవాళ ఏమీ కాదు. నా కూతురే అయితే బస్సు ఆపేది."

కండక్టరమ్మ భోరుమంది. గేటు దగ్గర కాపలావాడు చూస్తున్నా, డ్రైవరు చూస్తున్నా ఆగలేదు. "నీ కోసమే చేశాను నాన్నా. బస్సు ఖాళీగా కనపడితే తీసేస్తారేమోనని అందర్నీ పోగేశాను. నిన్ను వదిలేసినందుకు నన్ను కొట్టు, తిట్టు. ముందు లోపలికి వెళ్లు, నీ బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

నాన్న గొడుగు ఆవిడ చేతికిచ్చి లోపలికి నడిచాడు.

తనిఖీ అధికారికి పచ్చి వెలక్కాయ గొంతులో పడినట్టయింది. మోసం పట్టుకున్నందుకు కోప్పడాలో, ఇంతసేపూ ఆ మోసానికే మురిసిపోయినందుకు సిగ్గుపడాలో తేల్చుకోలేక, "సాయంత్రం ట్రిప్పులో నేనూ వస్తాను" అని మాత్రం అన్నాడు.

సాయంత్రానికి చుట్టాలు టిఫిన్లు తిని ఎవరి దారిన వాళ్లు పోయారు. బస్సు ఎప్పటి బస్సయింది. పెన్షన్ ఆఫీసు మీద నిప్పులు చెరుగుతూ గుమాస్తా, చేతికి కట్టుతో నాన్న, ఒళ్లు తూలే ఇంకో ఇద్దరు ముగ్గురు రోగులు. అధికారి ఈసారి రుమాలు తీసి సీటు తుడుచుకుని కూర్చున్నాడు. ఏ సీటు కావాలంటే ఆ సీటే.

చాలాసేపటికి కండక్టరమ్మని పిలిచాడు. "ఇది ఫక్తు నష్టాల బస్సే. సాయం ఉండాలని రాస్తాను. కానీ పొద్దున నాతోపాటు నా జీపు డ్రైవరు కూడా ఆ జనాన్ని చూశాడు. వాళ్లెవరో రాయకపోతే నా మాట పైవాళ్లు నమ్మరు. మీరు చుట్టాలతో బస్సు నింపి తప్పుడు లెక్క చూపించారని రాయాలి. మీ ఇంక్రిమెంటు పోతుంది, ఇంకా ఏం పోతుందో నేను చెప్పలేను."

"రాయండి సార్" అందావిడ. "పేరు తప్పుల్లేకుండా రాయండి."

ముందు సీట్లోంచి నాన్న అంతా విన్నాడు. నీళ్ల ట్యాంకు స్టాపులో లేచి, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఆవిడ గొడుగు అందించింది. ఆయన తీసుకున్నాడు గానీ కదల్లేదు. బస్సు లోపలికి, ఆ ఖాళీ సీట్లకేసి ఒకసారి చూశాడు.

"ఎవరూ లేరే అమ్మాయ్" అన్నాడు.

"లేరు నాన్నా."

"చాలు. ఈల వెయ్యి" అన్నాడు నాన్న.