నా వీపు గట్టిదే

చీపురు సీట్ల కిందికి దూర్చి, పాప్‌కార్న్ పలుకులూ నలిగిన కాగితపు గ్లాసులూ నడవలోకి లాగుతోంది టార్చి అత్త. వరస చివరికి వచ్చేసరికి నడుము పట్టేసింది. ఓ సీటు మీద చెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, మళ్ళీ వంగింది. ఆదివారం ఉదయం పిల్లల ఆట. తలుపులు తీస్తే ఇక హాలంతా గోలగోలే.

చీకట్లో టార్చి వేసి జనానికి సీట్లు చూపించడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో చేరింది. భర్త పోయినా మానలేదు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త దిగి ఉంటుంది. తల్లి పోయాక పసివాడైన తమ్ముణ్ణి చంక దించకుండా మోసిన భుజం అది. ఆ తమ్ముడే ఇప్పుడు వీధి చివరి చర్చికి పాస్టరు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ పిల్లలకు బైబిలు కథలు చెప్పేది అత్తే. ఇన్నేళ్ళలో తెరమీద ఎన్ని బొమ్మలు ఆడినా ఆమెకు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఈ బొమ్మ మాత్రం అలా కాలేదు.

మంత్రగత్తె లోయ మీది వంతెనను కాల్చేస్తుంది. పిల్లలు ఇవతల చిక్కుకుపోతారు. వాళ్ళను కాచుకుంటూ వచ్చిన కొండంత ఎలుగుబంటి లోయకు అడ్డంగా, మంటల మీదే పడుకుంటుంది. పిల్లలు ఒక్కొక్కరే దాని వీపు మీదుగా దాటిపోతారు. చివరికి మిగిలింది, మెరిసే దువ్వెనకు ఆశపడి ఎలుగుబంటి గుహ జాడ మంత్రగత్తెకు చెప్పేసిన పిల్ల. కాలు ముందుకు పడదు. "రా తల్లీ, నా వీపు గట్టిదే" అంటుంది ఎలుగుబంటి.

ఆ మాట దగ్గర ఈ ఉదయం కూడా అత్త టార్చి ఆర్పేసి గోడకు చేరబడింది. సిలువ గురించి పుట్టిననాటినుంచీ వింటూనే ఉంది. 'మన పాపాల కోసం' అన్న మాట చెవికి తగిలి జారిపోయేది. ఇక్కడ, ఈ పాప్‌కార్న్ వాసనలో, ఆ మాటకు మొదటిసారి ఒక వీపు కనిపించింది. కాలుతున్న వీపు. పోయిన ఆదివారం పిల్లలకు ఈ కథే చెప్పి, "యేసయ్య చేసింది ఇదేనర్రా" అంది.

ఆట వదిలాక ఆమె చర్చి వెనక గదికి వెళ్ళేసరికి తమ్ముడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"అక్కా, పిల్లల అమ్మానాన్నలు నా ప్రాణం తోడేస్తున్నారు. బైబిలు చెప్తుందని పంపిస్తే మంత్రగత్తెల సినిమా చెప్తోందేంటని."

"మంత్రగత్తె గురించి చెప్పలేదురా. ఎలుగుబంటి గురించి చెప్పాను."

"నవ్వులాట కాదు. దేవుణ్ణి తీసుకెళ్ళి ఎలుగుబంటిని చేస్తావా?"

"రెక్కల కింద పిల్లల్ని దాచుకునే కోడిపెట్టతో ఆయనే పోల్చుకోలేదూ?"

"ఆయన అనొచ్చు. మనం అనకూడదు." గొంతు తగ్గించాడు. "పిల్లల ముందు తప్పయిందని ఒక్క మాట అనెయ్యి. లేకపోతే క్లాసు ఇంకొకరికి ఇవ్వక తప్పదు. నన్ను ఇరుకున పెట్టకక్కా."

ఆమె అతని మడతపడిన కాలరు సరిచేసి లోపలికి వెళ్ళింది.

పిల్లలు చాపల మీద సర్దుకుంటున్నారు. మోకాళ్ళు నేలమీద కూర్చోనివ్వవని, హాల్లో పాత సీట్లు పీకేసినప్పుడు అడిగి తెచ్చుకున్న ఎర్రసీటు ఒకటి ఆమె కోసం అక్కడ వేసి ఉంటుంది. కూర్చుంది.

"అయ్యగారు నన్ను తప్పయిందని చెప్పమన్నారు," అంది. "నేను చెప్పను. తప్పు చేస్తే కదా! దేవుడి గదిలో కూర్చుని అబద్ధమాడితే నా నోరు పడిపోదూ?"

పిల్లలు కిసుక్కుమన్నారు. గుమ్మంలో తమ్ముడు తల దించుకున్నాడు.

"అత్తమ్మా, ఆ పిల్ల చేసిన పని ఎలుగుబంటికి తెలీదా?" ముందు వరసలోని పిల్ల అడిగింది.

"ఎందుకు తెలీదు? తెలిసే పిలిచింది. యేసయ్య కూడా అంతే. మీరేం చేసొచ్చినా రమ్మనే అంటాడు. కాదని ఎవరన్నా నమ్మకండి. అయ్యగారన్నా సరే, రేపు బుద్ధి తప్పి నేనన్నా సరే."

ప్రార్థన చేయించి, సీటు చేతులు పట్టుకుని లేచింది. "వచ్చేవారం ఇంకెవరో వస్తారు. వాళ్ళని ఏడిపించకండి."

తమ్ముడు గుమ్మం వదల్లేదు. "భోంచేసి వెళ్ళక్కా."

"ఆటకి వేళయిందిరా. చీకట్లో జనం తడుముకుంటారు."

అతను పక్కకు జరిగాడు. ఆమె చెప్పులేసుకుని, తల వంచకుండా వీధిలోకి దిగింది.

గదిలో ఎర్రసీటు, మనిషి లేవగానే టక్కున మడుచుకోవలసింది, స్ప్రింగు తుప్పుపట్టి, ఆమె కూర్చున్న మేర చిన్న గుంటతో చాలాసేపు అలా తెరుచుకునే ఉంది.