మగ్గం దిగని మనిషి

"పేషెంట్ ఏడమ్మా?" డాక్టర్ ప్రేమ్ కుమార్ మళ్లీ అడిగాడు.

చీటీ మీద భర్త పేరు రాయించి, కుర్చీలో తానే కూర్చుంది భవ్యశ్రీ. "జితేందరు నా పెనిమిటే సార్. ఇంట్ల మగ్గం మీదున్నడు. దిగేతందుకు లేదు."

"గడ్డ ఆయనకుంటే నిన్నెట్ల చూడాలె?"

పక్కనున్న నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భవ్యశ్రీకీ నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపుందని తెలిసి పెదవి కొరుక్కుంది. తల వంచుకుని చెప్పేసింది. ఎడమ వృషణం మీద. చింతగింజంత. రాయిలా గట్టిగా. నొప్పి మాత్రం లేదు. ఆ చివరి మాట అనేటప్పుడు ఆమె గొంతులోకి కాస్త ఆశ వచ్చింది.

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "నొప్పి లేదని కూసోవద్దు తల్లీ. ఏం కాకపోవచ్చు. క్యాన్సరైతే మాత్రం గిది పడుచోళ్లకే ఎక్కువొస్తది. జల్ది పట్టుకుంటే చానామందికి నయమైతది. స్కానింగు వనపర్తిల. నేను ఫోన్ చేస్త, పొద్దుగూకే దాక ఉంటరు. ఇయ్యాల్నే తీస్కపో."

ఆమె ఆటో ఎక్కింది. ఇంటి ముందు దిగి, "పోకు సతీషన్నా. ఇట్లనే బస్టాండుకు పోవాలె" అంది.

పెళ్లయి మూడు నెలలు. గద్వాల చీరకు ఒక మనిషి చాలడు. నూలు బట్టకు పట్టు అంచు కలవాలంటే గుంట మగ్గంలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని దారం మోసే నాడెలు ఆడించాలి. కల్వకుర్తిలో డిగ్రీ చదివిన పిల్ల నెల తిరక్కుండానే ఆ పని నేర్చుకుంది. కాళ్లు గుంటలోకి దింపితే చాలు, అతని బొటనవేలు ఆమె పాదాన్ని వెతుక్కుంటూ వచ్చేది. అత్త కళ్లు పడని ఆ జానెడు చీకటి వాళ్ల కాపురంలో అన్నిటికంటే పెద్ద గది. మొన్న మధ్యాహ్నం అక్కడే అతను ఆమె చెయ్యి పట్టుకుని, "ఏందో అయింది భవ్యా" అన్నాడు.

ఈ ఏడు పున్నమి జాతరకు అమ్మవారి చీర నేసే వంతు వీళ్లింటికి వచ్చింది. చీర మగ్గం మీదికి ఎక్కిందంటే, నేత ముగిసి కోసేదాకా నేసే జంట ఊరి పొలిమేర దాటకూడదు. దవాఖాన గడప తొక్కకూడదు. అక్కడ చావూ నెత్తురూ ఉంటాయి, మైల.

కోడలు లేనంతసేపూ ఆమె చోట కూర్చున్న రాధమ్మ తలెత్తింది. "దారం దెస్తనని యాడికి పోయినవే?"

"దవాఖానకు పోయిన అత్తమ్మా."

మగ్గం ఆగిపోయింది. జితేందర్ తలెత్తలేదు.

"బావా, కింది గడ్డకు స్కానింగు తీయాలంట. వనపర్తికి పోవాలె. ఆటో ఉన్నది."

"నడిమిట్ల ఇడిసా?" రాధమ్మ నాడె కింద పెట్టింది. "మునుపు అమ్మవారి చీర నేసిన పెంటయ్య గట్లనే బిడ్డకు జరమొచ్చిందని దవాఖానకు ఉరికిండు. ఏమైంది? ఒక్క షావుకారన్న మల్ల నూలిచ్చిండా? ఇయ్యాల పట్నంల కావలి కాస్తుండు. ఇంతకు ఈనికేమైందని? మీ మామకు బుడ్డ లేకుండెనా? లంగోటి గట్టి ముప్పై ఏండ్లు నేసిండు."

గోడవతల పక్కింటి మగ్గం మీదున్న ఎల్లన్న అందుకున్నాడు. "గుంటల కూసున్నోనికి బుడ్డ రాకుంటే ఆడు నేతగాడే కాదు వదినే! పిలగానికి సర్టిఫికెట్ వచ్చిందనుకో!"

అతని నవ్వు గోడ దాటి వచ్చి ఈ ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయింది.

"మామది నీళ్లు దిగిన బుడ్డ. గిది గట్టి గడ్డ, వేరు" అంది భవ్యశ్రీ. వంగి భర్త చెవిలో, "భయమైతుందా బావా?" అంది.

"తీసెయ్యాలంటరేమో." అతని మాట ఆమెకే సరిగా వినపడలేదు. "పిల్లలు..."

"ఒకటి తీసినా ఇంకోటి ఉంటది. చానామందికి పిల్లలు పుడ్తరు. నేను చదివిన. నాకైతే ముందు నువ్వుండాలె."

జితేందర్ చెయ్యి ఒడి దాకా వెళ్లి, సిగ్గుపడ్డట్టు దారాల మీదికి తిరిగొచ్చింది. "పున్నం పోనీ. చీర కోసినంక వస్త. మనింట్ల మల్ల మగ్గం ఆడాలె గద."

"పున్నం దాక గది ఆగుతదా?"

అతను నాడె చేతిలోకి తీసుకున్నాడు.

రాధమ్మ లేచి చెంబుతో పసుపునీళ్లు తెచ్చింది. ఆమె కళ్లు నిండివున్నాయి. "నెత్తి మీద పోస్కో బిడ్డా, మైల పోతది. పోయొచ్చినవని నా నోట రాదు. వచ్చి కూసో. అమ్మవారే చూస్కుంటది. నాకు మాత్రం వాడొక్కడే గద."

ఆమెను తిట్టడానికి భవ్యశ్రీకి నోరు రాలేదు. ఆ చెంబును మాత్రం అందుకోలేదు.

"నేను పోస్కోను అత్తమ్మా. కూసోను."

ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె అత్తకు కాదని చెప్పడం ఇదే మొదలు. రాధమ్మ చాచిన చెంబును వెనక్కి తీసుకుంది. తర్వాత దాన్ని గోడవారగా పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ గుంటలోకి దిగింది. కొడుకు నాడె వేశాడు. తల్లి అందుకుంది. మగ్గం మళ్లీ ఆడింది.

భవ్యశ్రీ బయటికి వచ్చింది. ఎండ నిలువునా కొడుతోంది. ఆటోలో ఒక మూలకు జరిగి, పక్కన చోటు వదిలి కూర్చుంది.

"ఒక్కదానివేనా అక్కా?" సతీష్ ఇంజను ఆన్ చేశాడు.

"ఇద్దరం. జర ఆగు."

అతను ఇంజను ఆపేశాడు. అప్పుడు లోపలి మగ్గం చప్పుడు ఇంకా బాగా వినపడింది.