బేసి పేజీలు

పన్ను రూలు మారితే ఢిల్లీ కంటే ముందు నాకే తెలుస్తుంది. నా పేరు సంతోష్. మానుకోట బస్టాండు పక్కన నెట్ సెంటర్ నడుపుతాను. కాంట్రాక్టర్ల జీఎస్టీ రిటర్నులు వేసేది నేనే. సర్కారు పనుల మీద పన్ను పన్నెండు శాతం నుంచి పద్దెనిమిదికి పెరిగిన సంగతి మాత్రం నాకు పదమూడు నెలలు ఆలస్యంగా తెలిసింది. అదీ హన్మంతన్నకు నోటీసు వచ్చాక.

హన్మంతు చిన్న కాంట్రాక్టరు. బయ్యారం దగ్గరి తండాలో బడికి రెండు గదులు కడుతున్నాడు. టెండరు వేసిననాడు పన్నెండు, గోడలు లేచేసరికి పద్దెనిమిది. పని ఇచ్చిన సర్కారు ఆఫీసు పాత రేటుకే బిల్లు ఇస్తోంది, పన్ను శాఖ కొత్త రేటు అడుగుతోంది. మధ్యలో ఆరు శాతం ఆయన మీద పడింది. అంత లాభం చంద్రుడి మీద గదులు కట్టినా మిగలదు. స్లాబు ఆగిపోయింది. మూడు తరగతుల పిల్లలూ ఒకే వరండాలో కూర్చుంటున్నారు. పక్క పాఠాలు విని విని, రెండో తరగతి వాళ్లు ఐదో తరగతి పాసయ్యారు.

"మిల్లర్ అమ్మేస్త. జనగామ నుంచి రేపొస్తరు కొననీకి," అన్నాడు హన్మంతు, కాంక్రీటు కలిపే ఆ యంత్రం వైపు చూడకుండా.

"నా వెండి కడాలమ్మి కొన్నం దాన్ని," అంది ఆయన భార్య సుక్కి. "అది పోతే మళ్ల కూలికే. గిదేనా నీ కాంట్రాక్టరుతనం?"

"అగ్రిమెంట్ల గీ తేడా ముచ్చటే లేదక్కా," అన్నాను. "అక్షరమక్షరం సదివిన. రాసినోళ్లు గూడ గంత మంచిగ సదివి ఉండరు."

యాకయ్య మేస్త్రీ బీడీ పారేశాడు. భూపాలపల్లి దిక్కు హాస్టల్ కట్టి వచ్చిన పెద్దమనిషి.

"ఆడ మా కాంట్రాక్టరుకు తేడా ఇచ్చిండ్రు. ఆఖరి బిల్లు కాకముందే అడుగుతే ఇయ్యాలెనని అగ్రిమెంట్లనే ఉండె. ఏదీ, ఇటు తే."

నేను తీసిచ్చిన జిరాక్సు అందించాడు హన్మంతు.

"నాకు సదువు రాదు గని అంకెలొస్తయి," అంటూ యాకయ్య తాత పేజీ నంబర్ల మీద వేలు పెట్టాడు. "ఒకటి, మూడు, ఐదు, ఏడు... నడుమ వరుసలు లేకుంట గోడెట్ల లేసిందిరా, పోరగా?"

అందరూ నా వైపు చూశారు. నేను మిల్లర్ వైపు చూశాను.

మధ్యాహ్నానికల్లా ఆఫీసులో అసలు కాగితం తిప్పి చూశాం. ఆరో పేజీలో ఉంది: పన్ను మారితే తేడా ఆఫీసే భరిస్తుంది, ఆఖరి బిల్లులోపు అడగాలి. దరఖాస్తు నా చేతే రాయించారు. డబ్బు ఇంకా రాలేదు, ఫైలు తిరుగుతూనే ఉంది. కానీ ఆఫీసు ముద్ర పడిన ఆ దరఖాస్తు చూసి ఇనుప సలాకల దుకాణం వాళ్లు ఉద్దెరకు సరుకివ్వడానికి ఒప్పుకున్నారు. మిల్లర్ తండాలోనే ఉండిపోయింది.

స్లాబు పోసిన రోజు దావత్‌లో యాకయ్య తాత అన్నాడు:

"రూల్ మార్చేటోడు పట్నంల ఉంటడు, మోసేటోడు గీడ ఉంటడు. మోసేటోని చేతికి కాయితం పూరాగ అందాలె. అది సర్కారు పని, సదువుకున్నోని పని గూడ."

సుక్కక్క నా విస్తరిలో కుడివైపు మాత్రమే అన్నం, కూర వడ్డించింది.

"గిదేందక్కా, సగమేనా?"

"ఒక్క దిక్కే జిరాక్సు తీసి, రెండు దిక్కుల పైసలు తీసుకున్నవట గద?"

తీసుకున్నాను.