దేవుని డబ్బాలో పిడికెడు

రేకు డబ్బాలో బియ్యం పడుతున్న చప్పుడు.

అడుగంటిన డబ్బాలో పడితే ఒక చప్పుడు. సగం నిండిన డబ్బాలో ఇంకో చప్పుడు. నిండిన డబ్బాలో అయితే చప్పుడే ఉండదు — బియ్యం మీద బియ్యం, అంతే.

నర్సవ్వకు ఈ మూడూ తెలుసు.

ఈ సాయంత్రం పడింది మొదటి చప్పుడు. ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడగకముందే ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది. కళ్ళు మూసుకుని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

ప్రభువా, నీదే.

ఆయనదే, కాదనేవారు లేరు. కానీ తీసుకుపోయేదెవరు?

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. బతుకుదెరువుకు వలసొచ్చిన ఈ పరాయి రాష్ట్రపు పాండేసరలో ఆదివారం వస్తే, దారపు గోదాము మీది అద్దె గదిలో తెలుగు పాట లేచేది. చుట్టూ సాంచాలు ఆడుతూనే ఉండేవి. మరమగ్గాల మోత మీద పాడీ పాడీ ఆ సంఘంలో మెల్లగా పాడటం ఎవరికీ చేతకాదు. నర్సవ్వ మొగుడు ఆగయ్య అయితే రహస్యం కూడా నాలుగు సాంచాల అవతలికి వినపడేట్టే చెబుతాడు.

పాటయ్యాక ఆడవాళ్ళు కొంగుముడులు విప్పేవారు. వారమంతా పూట పూటకూ తీసిపెట్టిన పిడికెళ్ళు. ఒకరివి ఊరి నుంచి తెచ్చుకున్న సన్నబియ్యం, ఒకరివి రేషను దొడ్డుబియ్యం, ఇంకొకరివి ఇక్కడి కిరాణాలో కొన్నవి... అన్నీ ఒకే డబ్బాలో.

మందిరంలో ఎలుకలకు భక్తి ఎక్కువ. అందుకని డబ్బా నర్సవ్వ ఇంట్లో ఉండేది.

నెలాఖరుకు లింగమూర్తి పాస్టరయ్య అవతలి పేట ఉన్ నుంచి సైకిలు మీద సంచి పట్టుకుని వచ్చి, ఆ బియ్యం తన ఇంటికి తీసుకుపోయేవాడు. బాప్తిస్మం అయ్యాక పేరు మార్చుకోమన్నవాళ్ళతో, "పిలిచినాయన గీ పేరుతోనే పిలిచిండు" అన్న మనిషి. వారమంతా రంగుల మిల్లులో పని, ఆదివారం వాక్యం. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఒక వారం నీలం, ఒక వారం ఎరుపు. ఆ గోళ్ళతోనే రొట్టె విరిచేవాడు.

పండుగకు ఆ కలగలుపు బియ్యమే వండేవారు. కొంత మెత్తబడేది, కొంత పలుకుగా ఉండేది.

"మన సంఘమే ఇది. కొందరు తొందరగ మెత్తవడుతరు. కొందరికి ఇంకో రెండు కట్టెలు కావాలె" అనేవాడు పాస్టరయ్య.

అందరూ నవ్వేవారు. ఆ పలుకన్నం రుచి నర్సవ్వకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది... సాంచాలు ఆగిపోయాయి.

అంత నిశ్శబ్దం ఆ వాడ ఎన్నడూ వినలేదు. అద్దె గదికి తాళం. ఈస్టరు ముందటి మట్టల ఆదివారం మట్టలు లేకుండానే పోయింది. దారి పొడుగునా పోలీసులు. పాస్టరయ్య రాలేదు. డబ్బా మాత్రం నిండే ఉంది.

గోడ అవతల గదిలో పరుశురాం, అతని తోటి సాంచాల పనివాళ్ళు. అందరిదీ కరీంనగర్ వైపే. సగం మంది పనికి పోతే సగం మంది పడుకునే గది అది. ఇప్పుడు అందరూ ఒక్కసారే ఉండటంతో కాళ్ళు చాపే చోటు లేదు. వాళ్ళు తినే మెస్సు మూతపడింది. ఊరికి పోదామంటే రైళ్ళు లేవు.

పొద్దుగూకితే ఆ గదిలోంచి కంచాలు కడిగే చప్పుడు వచ్చేది.

చప్పుడు వచ్చేది... తాలింపు వాసన వచ్చేది కాదు.

నర్సవ్వకు రెండు రోజుల్లో అర్థమైంది. తినకుండానే కడుగుతున్నారు. పరువు గల పిల్లలు. తన బియ్యంలోంచి కొంత ఇచ్చింది. తర్వాత తన సంచీ కూడా అడుగంటింది. అప్పుడు కూడా పూటకో పిడికెడు తీసి డబ్బాలో వేస్తూనే ఉంది, వెర్రిది.

ఆగయ్యకు ఒళ్ళు మండింది. "ఏమే, డబ్బ నిండ పెట్టుకోని ఉపాసమా?"

"అది మనది గాదు. అయ్యగారింటిది."

"అయ్యగారికి తొవ్వ ఇస్తలేరు గద."

"ఇచ్చిన్నాడు వస్తడు. వస్తే ఏం చూపెట్టాలె? ఆయన మిల్లు గూడ బందే. ఇద్దరు ఆడివిల్లలు..."

అదీ ఆమె బాధ. పాపభయం ఒక్కటే కాదు. ఈ డబ్బా తెరిస్తే అయ్యగారి ఇంట్లో పొయ్యి ఆరుతుంది. తెరవకపోతే ఈ గోడ అవతల ఆరింది ఆరినట్టే.

బైబిలు తీసింది. కూడబలుక్కుంటూ చదివింది. ఆకలేసిన దావీదు దేవుని సన్నిధి రొట్టె తిన్నాడు, దోషం కాలేదు. బాగుంది. కానీ కరువులో ఆ విధవరాలు ఉన్న పిండితో ముందు ప్రవక్తకే రొట్టె చేసి పెట్టింది. అదీ వాక్యమే. రెండూ ఆమెను చెరో చెయ్యి పట్టుకుని లాగాయి.

గోడ అవతల కంచాలు మోగాయి.

నర్సవ్వ మూత తీసింది. ముంచే ముందు కళ్ళు మూసుకుంది. వేరే మాట తోచలేదు.

ప్రభువా, నీదే.

అన్నం వండి పిలిస్తే, పరుశురాం గడప దగ్గరే నిలబడిపోయాడు. "మీ దేవునికి ఇచ్చినయట గద అవ్వా... మేం తినొచ్చునా?"

"కూసో బిడ్డా. అన్నం సల్లగైతది."

అలా డబ్బా తరుగుతూ వచ్చింది. అడుగు తేలిన రోజు, మధ్యాహ్నం, సైకిలు గంట మోగింది.

లింగమూర్తి పాస్టరయ్య. మూతికి రుమాలు, చేతిలో సంచి. మనిషి సగమయ్యాడు. నర్సవ్వ ముందు చూసింది అతని గోళ్ళను. తెల్లగా ఉన్నాయి. ఎన్నడూ అంత శుభ్రంగా లేవు. అది చూసి ఆమెకు ఏడుపు ఆగలేదు.

"అయిపోయినయి అయ్యగారూ... నేనే వండి పెట్టిన."

అతను డబ్బాలోకి తొంగిచూశాడు. దేవదూతేం కాదు, ముఖం మాడింది. ఆమె కళ్ళారా చూసింది. తర్వాత సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అన్నం ఉన్నదా అక్కా?"

పిల్లలతో పాటే కూర్చున్నాడు. ప్రార్థన చేశాడు. ఒక ముద్ద నమిలి, "పలుకున్నది. మన సంఘమే" అన్నాడు. నర్సవ్వ మిగిలినదంతా గిన్నెకెత్తి, అతని ఆడపిల్లల కోసం మూట కట్టి ఇచ్చింది. పోతూ పోతూ అతను సైకిలు ఆపి పరుశురాంతో ఏదో చెప్పాడు. ఆమెకు వినపడలేదు.

రైళ్ళు వదిలాక పరుశురాం, అతని తోటి పిల్లలు ఊరికి పోయారు.

మరుసటి ఎండాకాలం పాస్టరయ్యను జ్వరం తీసుకుపోయింది. ఆఖరి చూపు ఎవరికీ లేదు. మొన్ననే, పాస్టరమ్మ ఆడపిల్లలతో పుట్టింటికి బయలుదేరిన రోజు, నర్సవ్వ డబ్బాను తలకిందులు చేసి ఆమె సంచిలో పోసింది. అద్దె గదిలో ఇప్పుడు దారపు మూటలు ఉన్నాయి. సంఘం తలో దిక్కయింది. డబ్బా మిగిలింది, అలవాటు మిగిలింది.

సాంచాలు మళ్ళీ ఆడుతున్నాయి.

ఈ సాయంత్రం ఎసరు మరుగుతోంది. తలుపు దగ్గర ఎవరో అరిచారు. పరుశురాం. పోయిన వారమే తిరిగొచ్చాడు. మెస్సు మానేసి గదిలోనే వండుకుంటున్నారు.

"అవ్వా! జర డబ్బ మూత తీయి."

"ఏంది బిడ్డా?"

"ఆనాడు సైకిలు ఆపి మీ పాస్టరయ్య చెప్పిండు. వండుకున్ననాడు ఓ పిడికెడు తీసి అక్క డబ్బల ఎయ్యుండ్రి, అది ఖాళీగుంటే ఆమెకు పానం నిమ్మళముండదు అన్నడు."

పిడికిలి చాపాడు. చెమట పట్టిన అరచేయి. గింజలకు అంటుకున్న దారపు నూగు.

నర్సవ్వ మూత తీసింది. ఇవి ఎవరికి, ఎవరు తీసుకుపోతారు... ఆమెకు ఇప్పటికీ తెలియదు. అయినా కళ్ళు మూసుకుంది.

అంత మోతలో ఎవరికీ వినపడదు. ఆమెకు వినపడింది —

రేకు డబ్బాలో బియ్యం పడుతున్న చప్పుడు...