వేస్టింగ్

గోంగూర ఒలుస్తూ కాల్ మాట్లాడుతున్నా. ఒళ్ళో ఎర్రటి కాడలు, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్. హైదరాబాద్ నుంచి మా మేనేజర్ ప్రేమకుమారి గారు, "నిన్నటి సంగతి సాయంత్రంలోగా తేల్చు కృష్ణప్రియా. జీతం పెంచమంటావా, ఇదే జీతం ఉంచి కంపెనీ షేర్లు ఇమ్మంటావా? షేర్లయితే నాలుగేళ్ళ వెస్టింగ్" అన్నారు.

పెళ్ళయి మూడు నెలలు. జగ్గయ్యపేటలో నాకన్నీ ముద్దొస్తున్నాయి. డాబా మీద ఆరేసిన చీరలకి అంటుకునే సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము కూడా ఎవరో పౌడరద్దినట్టే ఉంటుంది. ఆదివారాలు మా ఆయన అవినాష్ బండి మీద నందిగామ, మా పుట్టింటికి వెళ్తుంటే, హైవే గాలికి ఆయన చొక్కా ఉబ్బి నా మొహానికి తగులుతుంది. వారమంతా ఆ గాలిలోనే తేలుతుంటా. పొద్దున మాత్రం ఒక్కసారి నేల తగిలింది. "జీతమే తీసుకో ప్రియా. కంపెనీ మునిగితే షేర్లు చిత్తుకాగితాలు. అయినా నాలుగేళ్ళు నువ్వెక్కడ చేస్తావ్? ఏడాది తిరిగేసరికి బాబో పాపో..." ముద్దుగానే అన్నారు మా ఆయన, నా జడలో మల్లెలు సర్దుతూ. నేనూ నవ్వా. మల్లెలు వాడిపోయాక ఆ 'ఎక్కడ చేస్తావ్' మిగిలింది. నా నాలుగేళ్ళని నన్నడక్కుండా ఎవరికో మాటిచ్చేసినట్టు.

కాల్ అయ్యాక, పక్కనే కూర్చుని వింటున్న అత్తయ్య కొన్ని కాడలు తన ముందుకి లాక్కున్నారు.

"ఏంటమ్మాయ్, వేస్టింగ్ అంటోందావిడ? వేస్టని వాళ్ళే చెబుతుంటే తీసుకోడమెందుకు?"

పకపకా నవ్వొచ్చింది. "వేస్ట్ కాదత్తయ్యా, వెస్టింగ్. ఆవకాయ ఊరినట్టు. ఏడాదిలోపు మానేస్తే ఏమీ రాదు. ఉంటే, కొంచెం కొంచెంగా కంపెనీలో వాటా మన పేరు మీదకొస్తుంది."

"ఊరికే ఉన్నందుకా?"

"ఉండి, పనిచేసినందుకు."

ఆవిడ చేతులాగాయి. మా కిరాణా కొట్టులో పసుపు, కారం పొట్లాలన్నీ ఇంటి వరండాలో ఆవిడ కట్టినవే. బోర్డు మీద మామయ్య పేరు, పక్కన 'అండ్ సన్'.

"ముప్పై ఏళ్ళు" అన్నారు, గోంగూరతో చెబుతున్నట్టు. "అయితే నాది వేస్టింగే."

ఈసారి నవ్వు రాలేదు. చేతులు కడుక్కోకుండానే టైప్ చేశా, 'షేర్లే' అని. కీబోర్డంతా పుల్లటి వాసన. ఎందుకో అదీ ముద్దొచ్చింది.

సాయంత్రం మా ఆయన మల్లెల పొట్లంతో వచ్చారు. "ఏం తీసుకున్నావ్?"

వంటింట్లో అత్తయ్య గరిటె చప్పుడు ఆగింది.

పొట్లం అందుకుని, వాసన చూసి చెప్పా.

"నా నాలుగేళ్ళు తీసుకున్నానండీ."