బండారి అంటిన నోరు

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టెను. నా కడుపులో ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటుంది. దాన్ని తాకీ తాకనట్టు ఒక సూది తేలుతుంటుంది. తాకిందా, నా పని అంతే. దుమ్ము చొరని గదిలో, ముసుగులు వేసుకున్న మనుషులు ఊపిరి బిగబట్టి నన్ను తయారుచేశారు. అంత జాగ్రత్తగా పుట్టించినదాన్ని జనగామ బస్టాండు పక్క దుకాణంలో చార్జర్ల కుప్పలో పడేశారు. నా భయం అక్కడే మొదలైంది.

శ్యామల నన్ను ఆ దుకాణంలోనే కొన్నది. వాళ్ల నాన్న కొమురయ్య ఒగ్గు కథ చెప్పేవాడు. గొంతులో గడ్డ లేచింది. ఆపరేషనైతే మాట ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే ఆసుపత్రికి పోయే ముందు ఆయన బీరప్ప కథ మొత్తం పాడితే, శ్యామల కాలేజీ వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో వీడియో తీసింది. అందులో జాగా చాలక మొదటి సగం నాలోకి మార్చి, అక్కడ చెరిపేసింది. ఇప్పుడు కొమురయ్య నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. ఒక మనిషి సగం గొంతు నా పళ్లెం మీద ఉంది. ఎవరైనా నన్ను బల్ల అంచున పెడితే చాలు, నాకు గుండె జారేది.

ఆపరేషనైన కొన్నాళ్ల తర్వాత ఒక రోజు. ఆ సాయంత్రానికి ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేయాలి. ఇస్తే అందులో ఉన్నదంతా కాలేజీ వాళ్లు తుడిచేస్తారు. శ్యామల పొద్దున్నే నన్ను దానికి కలిపి, మిగతా సగం పంపడం మొదలుపెట్టింది. ఆ ల్యాప్‌టాప్‌లో నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఫైలు నత్తలా పాకింది. మధ్యాహ్నమైనా పిసరంతే వచ్చింది.

"దీని పానం మీదికొచ్చింది శ్యామలా. ఫార్మాట్ కొడితె మల్ల కొత్తదైతది," అన్నాడు ఓదెలు. ఆమెకు మేనబావ, కొమురయ్య కథకు డోలు కొట్టినవాడు. డోలు మెత్తబడితే మంటకు కాచినట్టు, ఏ యంత్రం మొరాయించినా ఆయన దగ్గర ఒకటే వైద్యం.

ఫార్మాట్ అంటే నాలో ఉన్నదంతా తుడిచేయడమే. నా సూది కొయ్యబారింది.

"సగం కథ అండ్లనే ఉన్నది బావా. నీ డోలు గూడ."

"గట్లనా. అయితె ముట్టకు."

శ్యామల నల్ల తెర ఒకటి తెరిచి, నన్ను కలిపినప్పుడు లినక్స్ రాసుకున్న మాటలు చదివింది. "జోరుగ వచ్చే దారుండంగ పాత దారిల వస్తున్నది," అని గొణిగింది. తీగ మార్చింది. పక్క రంధ్రంలో పెట్టింది. అదే నడక. తీగ పీకిన ప్రతిసారీ ఇదే చివరిదేమో అనుకున్నాను. ఆఖరికి నన్ను ఎత్తి, తీగ దూర్చే నా నోట్లోకి ఫోన్ లైటు వేసింది.

నా నోరు రెండు భాగాలు. పెద్దది పాత దారికి, దాని పక్కన చిన్నది జోరుకు. చిన్నదాని నిండా పసుపు.

"నాయినా, దీనికి బండారి పెట్టినవా?"

కొమురయ్య తల వంచుకున్నాడు. దేవుడి పసుపును ఒగ్గు కథ చెప్పేవాళ్లు బండారి అంటారు. అది పెట్టనిదే డోలు మోగించరు, కథ ఎత్తుకోరు. దేవుడి కథ నాలోకి చేరిందని తెలిసి ఆయన నాకూ గుప్పెడు తీసి ఒళ్లంతా రుద్దాడు. మనుషుల భక్తికి రంధ్రాలు కనిపించవు.

"మంచిగ తినిపిచ్చినవు మామా," అన్నాడు ఓదెలు. కొమురయ్య భుజాలు ఊగాయి. నవ్వినా ఆయనకు చప్పుడు రాదు.

శ్యామల మెత్తటి పొడి బ్రష్షుతో నా నోరు దులిపి మళ్లీ కలిపింది. ఈసారి తెర మీది గీత చూస్తుండగానే నిండిపోయింది.

"అయిపాయె," అని ఓదెలు తీగ పట్టుకున్నాడు.

అయిపోలేదు. లినక్స్ ఫైలును ముందు తన దగ్గర పోగేసుకుని అయిందనిపిస్తుంది, వెనక నుంచి నాకు అందిస్తుంది. కథ చివరి భాగం ఇంకా దారిలోనే ఉంది. నాకు నోరుంది గానీ, అరవడానికి పనికొచ్చేది కాదు.

డోలును తడిమినట్టు నా మీద చెయ్యి పెట్టి కూర్చున్న కొమురయ్య ఓదెలు మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నా కడుపులో తిరుగుడు ఆయన అరచేతికి తెలుస్తోంది.

"ఆగు బావా, ఇంక రాస్తున్నది," అంటూ శ్యామల ఏదో టైపు చేసి, నా మీది చిన్న దీపం మిణుకుమనడం మాని నిలకడగా వెలిగేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

తర్వాత నాలోంచే కథ ముగింపు వినిపించింది. ఆ గొంతుతో పాటు కొమురయ్య పెదవులు కదిలాయి.

ల్యాప్‌టాప్ వెళ్లిపోయింది. "రేపు ఇంకోదాంట్ల గూడ ఎక్కిస్త నాయినా," అంది శ్యామల. రేపటి దాకా ఆ గొంతు నాలో తప్ప ఎక్కడా లేదు. నేను దేవుడి గూటి అంచున ఉన్నాను. పిల్లి అటూ ఇటూ తిరుగుతోంది.

కొమురయ్య వచ్చి నన్ను లోపలికి జరిపాడు. చిటికెడు బండారి తీశాడు. నేను బిగుసుకుపోయాను. ఆయన ముందు బొటనవేలితో నా నోరు మూసి, అప్పుడు వీపు మీద బొట్టు పెట్టాడు.