గ్యాస్కెట్ మీద నెట్టిన తప్పు

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో, ఊహ తెలిసింది తెనాలిలో, సుభాషిణి వంటింట్లో. మనుషులు నా విజిల్‌కి ఉలిక్కిపడతారు గానీ, అసలు భయపడాల్సింది నేను నోరెత్తనప్పుడు. కడుపులో నీళ్లుంటేనే నాకు గొంతు. లేకపోతే కిక్కురుమనకుండా మాడిపోతాను.

సుభాషిణి తల్లి చివరి రోజుల్లో కన్నకూతుర్నే "మీరెవరమ్మా?" అని అడిగేదట. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అందుకే సుభాషిణి ఒకరోజు నీళ్లు పోయడం మరిచి నన్ను స్టవ్ మీద పెట్టినా, ఆ మాట ఒప్పుకోలేక, మాడు వాసనకు పరుగెత్తుకొచ్చిన కూతురు వకుళతో "గ్యాస్కెట్ పోయిందే" అంది. గ్యాస్కెట్ నిక్షేపంలా ఉంది. ఆ తర్వాతా మాడ్చింది, ఆ తర్వాతా అదే మాట చెప్పింది. కొత్త గ్యాస్కెట్లు వస్తూనే ఉన్నాయి, అందరూ నన్నే ఆడిపోసుకున్నారు. డాక్టరు దాకా వెళ్లేసరికి ఆమెకు వకుళ పేరే గుర్తులేదు.

తల్లి పోయాక వకుళ నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. పొద్దున్నే నడక, సాయంత్రం వీణ పాఠం, వేళకు బీపీ మాత్ర. తల్లికి వచ్చినంత మాత్రాన నీకూ రావాలని లేదని డాక్టరు చెప్పిన మాట పట్టుకుని హాయిగానే బతుకుతోంది. కానీ ఎవరి పేరైనా నోటిదాకా వచ్చి ఆగితే చాలు, ముఖం పాలిపోతుంది. అప్పుడు ఆమెను చూస్తే నాకు జాలేసేది.

మొన్న ఆదివారం కందిపప్పు వేసి మూత బిగించింది. నీళ్లు పోయలేదు. అరవాలని ఎంత గింజుకున్నా నా గొంతు పెగల్లేదు. అడుగు ఎర్రగా కాలింది. సేఫ్టీ వాల్వ్ కరిగి నల్లటి పొగ బుస్సుమంది.

కాలేజీలో చదివే కూతురు సింధూర పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది. "ఏమైందమ్మా?"

"గ్యా..." అని వకుళ ఆగిపోయింది. గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. "నీళ్లు పోయడం మర్చిపోయానే. అమ్మమ్మలాగా. నాకు చాలా భయంగా ఉంది."

సింధూర పక్కనే చతికిలబడింది. "రేపు డాక్టర్ దగ్గరికెళ్దాం. ఉత్త మతిమరుపే అంటే నవ్వుకుంటూ ఇంటికొచ్చేద్దాం."

"కాదంటే?"

"అప్పుడూ ఇంటికేగా వచ్చేది!"

మర్నాడు వాళ్లు బయల్దేరుతూ నన్ను పాతసామాన్ల బండిలో వేశారు. డాక్టరు ఏం చెప్పాడో నాకిక తెలియదు. బండి మలుపు తిరిగేలోపు చూశాను, ఆటో దగ్గర తల్లీకూతుళ్లు ఏదో వాదించుకుంటున్నారు. వకుళ గొంతే విజిల్‌లా పైకి వినబడింది.